అనంతపురంలో మొదటి ఆట తెలుగులో వెయ్యండి: సూపర్ హీరో సినిమాల వాళ్ళకు బహిరంగ లేఖ

హాలీవుడ్ సూపర్ హీరో సినిమాలను మన దేశంలో విడుదల చేసే సంస్థల ప్రచార విభాగాలకు, తెలుగులో ఆ తరహా సినిమాలు తీస్తున్న నిర్మాతలకు, సీడెడ్ (అంటే మా రాయలసీమ) పంపిణీదారులకు,

నమస్కారం.

నేను అనంతపురంలో ఉంటాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇంట్లో ట్యూషన్ చెబుతాను. సూపర్ హీరో సినిమాలంటే నాకు ప్రాణం. నా దగ్గర చదువుకునే పిల్లలకు అంతకంటే ఎక్కువ. మీ సినిమా కోసం మేం ఎదురు చూసేలా చెయ్యడానికి మీరు ఏడాది, రెండేళ్ళ ముందు నుంచే కష్టపడతారు. ఆ కష్టం ఫలిస్తోంది, మేం నిజంగానే ఎదురు చూస్తున్నాం. తీరా సినిమా వచ్చిన రోజు మా ఊళ్ళో దాన్ని ఏ భాషలో వేస్తున్నారు, ఎన్ని ఆటలు వేస్తున్నారు, చివరిదాకా వేస్తున్నారా లేదా అన్నది మాత్రం మీరు పట్టించుకోవడం లేదు. ఆశ పెట్టినవాళ్ళే ఆ ఆశకు జవాబుదారీగా ఉండాలని అడగడానికే ఈ లేఖ.

మీ ప్రచారం మా ఇళ్ళల్లోకి ఎంతగా వచ్చిందో ముందు చెబుతాను. 2025 మార్చి 26న మార్వెల్ వాళ్ళ ‘అవెంజర్స్: డూమ్స్‌డే’లో ఎవరెవరు నటిస్తున్నారో ప్రకటించారు. వెనక పేరు రాసి ఉన్న ఖాళీ కుర్చీలను ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ ఐదు గంటలకు పైగా లైవ్ నడిపారు. మనకు అది రాత్రిపూట మొదలై అర్ధరాత్రి దాటింది. ఇక్కడ అవి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు నడుస్తున్న రోజులు. నా దగ్గరకొచ్చే పిల్లవాడొకడు బయాలజీ పుస్తకం ఒళ్ళో తెరిచిపెట్టుకుని, అందులో వాళ్ళమ్మ ఫోను దాచుకుని, ఆ కుర్చీలు చూస్తూ కూర్చున్నాడు. మరుసటి రోజు నేను కోప్పడితే తల వంచుకుని విన్నాడు. అంతా విన్నాక, "ఆఖర్న ఐరన్ మ్యాన్ డౌనీ వచ్చినాడు మేడమ్, నోటి మీద వేలు పెట్టుకున్నాడు" అని చెప్పి, కుర్చీల మీద పేర్లన్నీ వరసగా అప్పజెప్పాడు. ఆ కళ్ళల్లో వెలుగు చూశాక ఇంకా కోప్పడబుద్ధి కాలేదు.

తర్వాత డిసెంబర్‌లో ‘అవతార్: ఫైర్ అండ్ యాష్’ ఆడుతున్న థియేటర్లలో, సినిమాకు ముందు డూమ్స్‌డే టీజర్లు వారానికొకటి చొప్పున వదిలారు. ఏ వారం ఎవరి టీజర్ పడుతుందో కనుక్కుని, ఆ చిన్న ముక్క కోసమే టికెట్టు కొందామని డబ్బులు పోగేసిన పిల్లలు మా పాతూరులో ఉన్నారు.

ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఎదురు చూడటమే ఒక సంతోషం. ట్రైలర్‌ను ఆపి ఆపి చూసి, మూలన కనబడిన డాలు ఎవరిదో వాదించుకోవడం, ఎవరు పోతారు ఎవరు మిగులుతారు అని పందేలు కాయడం, పాత సినిమాలన్నీ వరసగా మళ్ళీ చూడటం, ఇవన్నీ కలిపితేనే మాకు సినిమా. 2008లో ‘ఐరన్ మ్యాన్’ చివర పేర్లు పడ్డాక, సూపర్ హీరోలను ఒక జట్టుగా కూర్చే నిక్ ఫ్యూరీ వచ్చి మాట్లాడిన చిన్న సీన్‌తో మాకీ అలవాటు పట్టుకుంది. కథ అయిపోయినా లేవకుండా కూర్చోవడం అప్పుడే నేర్చుకున్నాం. మా ఎదురుచూపు మీరు నేర్పిందే, దాన్ని గౌరవించమని అడుగుతున్నా.

ఇక విడుదల వారం సంగతి. 2025 జూలై 11న ‘సూపర్‌మ్యాన్’ వచ్చింది. ఆ వారంలో మా ఊళ్ళోనే ఒక థియేటర్‌కు పోయాను. కౌంటర్ దగ్గర నా ముందు ఒక రైతు, ఏడెనిమిదేళ్ళ కొడుకు నిలబడి ఉన్నారు. తాడిపత్రి రోడ్డు మీది పల్లె నుంచి బండి మీద వచ్చారంట. పిల్లవాడి తెల్ల బనీను మీద స్కెచ్ పెన్నుతో గీసిన పెద్ద ఎర్ర ‘ఎస్’ ఉంది. గీసింది వాళ్ళక్క అని వాడే చెప్పాడు. కౌంటర్‌లో అబ్బాయి, "తెలుగుది ఎత్తేసినారన్నా, ఇంగ్లీషుదే ఉండేది" అన్నాడు. ఆయన కొడుకు మొహం చూసి, "ఇంత దూరం వచ్చినాం, ఇయ్యి సామీ" అని రెండు టికెట్లు తీసుకున్నాడు. లోపల వాళ్ళు నా ముందు వరసలోనే కూర్చున్నారు. తెర మీద మాటలూ ఇంగ్లీషే, కింద పడే అక్షరాలూ ఇంగ్లీషే. "ఏమంటాండాడు నాయనా?" అని పిల్లవాడు అడుగుతూనే ఉన్నాడు. మొదట్లో ఆయన తనకు తోచిన కథ చెప్పుకొచ్చాడు. కాసేపటికి, "నాకూ తెలీదప్పా, బొమ్మ చూడు" అన్నాడు. ఆ తర్వాత వాడు అడగడం మానేశాడు. ఇంటర్వెల్‌లో నేను ముందుకు వంగి కథ చెబితే, తండ్రీ కొడుకులిద్దరూ ఒకే రకంగా నోరు తెరుచుకుని విన్నారు. ఆ సినిమాలో తండ్రీ కొడుకుల మధ్య ఒక మాట ఉంటుంది, వెళ్ళిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అది వీళ్ళిద్దరికీ వాళ్ళ భాషలో వినబడి ఉంటే ఎంత బాగుండేది.

ఇది ఏ ఒక్క థియేటర్ తప్పో అని నేననడం లేదు. మొదటి రెండు రోజులు తెలుగు ఆటకు జనం పలచగా ఉంటే యజమాని తీసేస్తాడు, ఆయన కరెంటు బిల్లు ఆయనది. జనం ఎందుకు పలచగా ఉన్నారన్నది చూడాల్సింది మీరు. తెలుగులో వస్తోందన్న సంగతి చెప్పే వాల్‌పోస్టర్ గార్లదిన్నెలో లేదు, శింగనమలలో లేదు, మా బస్టాండు గోడ మీదా లేదు. ఫోన్లో ట్రైలర్ చూసినవాడికి సినిమా వస్తోందని తెలుసు గానీ, తన ఊళ్ళో తన భాషలో ఏ ఆటకు ఉందో తెలియదు. మీ డబ్బంతా మాలో కోరిక పుట్టించడానికే ఖర్చవుతోంది. ఆ కోరికను థియేటర్ గుమ్మం దాకా తెచ్చే చివరి నాలుగు అడుగులకు ఎవరూ ఖర్చు పెట్టడం లేదు.

రీళ్ళ కాలంలో అయితే అర్థం చేసుకునేవాళ్ళం. ఒక్కో ప్రింటుకూ బోలెడు డబ్బు అయ్యేది. ఇంగ్లీషు సినిమాకు నాలుగు ప్రింట్లు తీస్తే అవి హైదరాబాద్, విజయవాడల్లో ఆడి, గీతలు పడ్డాక మా ఊరికి వచ్చేవి. "పెట్టె వచ్చిందా?" అని థియేటర్ దగ్గర అడిగేవాళ్ళు. ఇప్పుడు పెట్టెలు లేవు. సినిమా డిజిటల్ ఫైలుగా వస్తుంది, కేడీఎం అనే తాళం ఇస్తేనే తెరుచుకుంటుంది, అనంతపురంలో అయినా అమెరికాలో అయినా పద్ధతి ఒకటే. తెలుగు వెర్షన్ అంటే మళ్ళీ కొత్త సినిమా పంపాల్సిన పని కూడా లేదు. బొమ్మ అదే, మాటల ఫైలు వేరు. అంటే మొదటి రోజు మొదటి ఆట తెలుగులో వెయ్యడానికి అడ్డం వచ్చేది ఖర్చు కాదు. మా ఊరు మీ లెక్కలో ఎక్కడుంది అన్నదే అసలు సంగతి.

మొదటి ఆటే ఎందుకు అంటారేమో. 2019 ఏప్రిల్‌లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ విడుదలకు ముందు దర్శకులు రూసో సోదరులు ప్రపంచంలోని అభిమానులందరికీ ఒక లేఖ రాశారు. కథ బయటపెట్టొద్దు, చూడనివాళ్ళ సంతోషం చెడగొట్టొద్దు అని కోరారు. ఆ మాటను మేం నిలబెట్టాం. చూసొచ్చిన పిల్లలు, చూడని పిల్లల ముందు నోరు మూసుకుని తిరిగారు. వాళ్ళు అడిగారని మేం చేశాం. ఇప్పుడు మేం అడుగుతున్నాం. బెంగళూరులో తెల్లవారుజామున ఇంగ్లీషు షో పడుతుంది. తొమ్మిదింటికల్లా ఎవరో తెర మీది బొమ్మను ఫోన్లో తీసి పెట్టేస్తారు. మా ఊళ్ళో తెలుగు ఆట సాయంత్రానికో, మరుసటి రోజుకో వస్తే, రెండేళ్ళుగా దాచుకున్న ఆశ కాస్తా పొద్దున ఫోను తెరిచిన అర నిమిషంలో పోతుంది. డబ్బున్న ఇళ్ళ పిల్లలు ముందు రోజే రైలెక్కి బెంగళూరు పోయి ఐమాక్స్‌లో చూసుకుంటారు. రెండొందల కిలోమీటర్ల పైమాటే, టికెట్టు, చార్జీలు, తిండి కలిపితే ఒక్కొక్కరికి ఎంతవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మిగతా పిల్లలు ఆ రోజంతా ఫోను స్విచ్ ఆఫ్ చేసి పెట్టుకుంటారు. ఇది నేను చూస్తున్న సంగతి.

మీకు చెయ్యడం తెలియక కాదు. 2021లో ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ను అమెరికా కంటే ఒక రోజు ముందు, డిసెంబర్ 16నే మన దేశంలో వదిలారు. 2007లో ‘స్పైడర్‌మ్యాన్ 3’ను తెలుగు, తమిళం, హిందీలతో పాటు భోజ్‌పురీలో కూడా తెచ్చారు. 2023లో ‘అక్రాస్ ద స్పైడర్‌వర్స్’ను పది భాషల్లో విడుదల చేసి, అందులో భారతీయ స్పైడర్‌మ్యాన్‌కు హిందీ, పంజాబీల్లో క్రికెటర్ శుభ్‌మన్ గిల్ చేత చెప్పించారు. తలచుకుంటే ఎంత దూరమైనా వస్తారు మీరు.

డబ్బింగ్ గురించి కాస్త వివరంగా మాట్లాడాలి, నాకు మనసుకు దగ్గరి విషయం ఇది. 2018లో ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ తెలుగులో విలన్ థానోస్‌కు రానా గొంతు ఇచ్చారు. ఆ గొంతు థియేటర్‌లో మోగినప్పుడు, బాల్కనీలో మా పక్కన కూర్చున్న పెద్దాయన, జన్మలో మార్వెల్ పేరు విననివాడు, "వీడెవడబ్బా రావణాసురుడి మాదిరి ఉన్నాడు" అన్నాడు. ఒక్క గొంతుతో ఆ విలన్ మావాడైపోయాడు. సూపర్ హీరో సినిమా కాకపోయినా, 2024 డిసెంబర్‌లో ‘ముఫాసా’కు మహేశ్‌బాబు తెలుగు చెబితే ఏం జరిగిందో కూడా చూశారు. సింహం బొమ్మ సినిమాకు హీరో అభిమానులు తరలివచ్చారు.

అయితే పెద్ద పేరు ఒక్కటే సరిపోదు. ఒక సినిమాలో ఒక హీరోకు ఒక గొంతు, దాని తర్వాతి సినిమాలో ఇంకో గొంతు వినిపిస్తే మాకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆలోచించండి. పదేళ్ళుగా తెలిసిన మనిషి ఉన్నట్టుండి వేరే మనిషిలా మాట్లాడతాడు. ట్రైలర్‌లో ఒక డైలాగ్ విని మేం బట్టీ పట్టి ఉంటాం, సినిమాలో అది వేరే మాటల్లో వస్తుంది. హీరో కన్నీళ్ళు పెట్టుకునే చోట ఆ వారం ఫోన్లలో తిరిగే జోకు ఒకటి అతికిస్తారు. నవ్వు రాదు సరికదా, ఆ కన్నీళ్ళకు విలువ కూడా పోతుంది. డబ్బింగ్ రచయితకు టైమ్ ఇవ్వండి. పెదవుల కదలికకు సరిపోయే మాట వెతకాలంటే, ఆ మాట తెలుగువాడి నోట పలికేదిగా కూడా ఉండాలంటే, ఒకటి రెండు రోజుల్లో తేలే పని కాదు. ఆ రచయిత పేరు, గొంతు ఇచ్చిన కళాకారుల పేర్లు తెలుగు పోస్టర్ మీద వెయ్యండి. వాళ్ళ వల్లే మాకు మీ కథ తెలుస్తోంది, వాళ్ళు ఎవరో మాకు తెలియాలి.

ఇంకొక మాట. తెలుగులో చెప్పించేటప్పుడు సీమ యాస వాడితే సంతోషిస్తాం, కానీ అది రౌడీ నోట్లోనే ఎందుకు పెడతారు? సినిమావాళ్ళు మా మాటను కత్తికీ బాంబుకీ కట్టేసి చాలా ఏళ్ళయింది. లోకాన్ని కాపాడే మనిషి ఒకడు, ఒక్కడైనా, "ఏం కాదు, నేనుండాను" అంటే వినాలని మా పిల్లలకు ఉంది.

పక్క భాషవాళ్ళకు సినిమా ఎంత శ్రద్ధగా అందించాలో తెలుసుకోవడానికి మీరు దూరం పోనక్కర్లేదు. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి గారు మా తాడిపత్రిలో పుట్టినవారు. నిర్మాత బి.నాగిరెడ్డి గారిది పక్కన కడప జిల్లా పొట్టిపాడు. 1957లో ఆ సినిమాను తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి తీశారు. తెలుగు బొమ్మకు తమిళ గొంతు అంటించి పంపలేదు. తమిళ ప్రేక్షకులకు బాగా తెలిసిన మనుషులు ఉండాలని అభిమన్యుడిగా జెమినీ గణేశన్‌ను, హాస్యానికి తంగవేలును పెట్టుకున్నారు. ఘటోత్కచుడు కొండంత పెరగడం, పళ్ళెంలో లడ్డూలు తమంతట తాము నోట్లోకి పోవడం, ఇవన్నీ కంప్యూటర్ లేని రోజుల్లో చూపించినవాళ్ళు, అవతలి భాషవాళ్ళ కోసం అంత శ్రమ పడ్డారు. అద్భుతాలను తెర మీద నమ్మించడం ఎలాగో మా నేల మనుషులకు తెలుసు. అలాంటి చోటి ప్రేక్షకులను రెండో వరసలో కూర్చోబెట్టకండి.

ఇప్పుడు సినిమా చివరి సంగతి. ‘నో వే హోమ్’కు రెండు అదనపు సీన్లు ఉన్నాయి. రెండోది అన్ని పేర్లూ పడ్డాక వచ్చే ‘డాక్టర్ స్ట్రేంజ్’ తర్వాతి సినిమా ట్రైలర్. నేను చూసిన ఆటలో మొదటిది అయిన వెంటనే లైట్లు వేశారు, పక్క తలుపులు తీశారు, బయట వెలుతురు తెర మీద పడి బొమ్మ వెలిసిపోయింది. ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని వరసల్లోకి వచ్చి, మేం ఎందుకు లేవడం లేదో అర్థం కాక చూస్తూ నిలబడింది. పిల్లలు పైకి పోయి ఆపరేటర్‌ను బతిమాలారు. "ఇంకేముంది, పేర్లే గదా" అని ఆపేశాడాయన. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆమెకూ ఎవరూ చెప్పలేదు. వచ్చే సినిమాకు మీరు చేసుకున్న ప్రకటనే మా ఊళ్ళో పడలేదు. ప్రతి థియేటర్‌కు ఒక కాగితం పంపండి, తెలుగులో, పెద్ద అక్షరాలతో: పేర్లు పడ్డాక కూడా సీన్ ఉంది, ఆఖరి ఫ్రేమ్ దాకా ఆపొద్దు, అప్పటిదాకా లైట్లు వెయ్యొద్దు. ఇంటర్వెల్ ఎక్కడ ఇవ్వాలో కూడా అందులోనే రాయండి. హాలీవుడ్ సినిమాకు ఇంటర్వెల్ ఉండదు కాబట్టి ఇక్కడ ఎవరికి తోచిన చోట వాళ్ళు ఆపుతున్నారు, మనిషి గాల్లోకి ఎగిరాక, నేల మీదికి దిగకముందే.

త్రీడీ గురించి ఎక్కువ చెప్పను. తెలుగు కావాలంటే త్రీడీలోనే చూడాలి అనే పరిస్థితి పెట్టకండి. గీతలు పడిన కళ్ళద్దాలు, సగం వెలుతురు, పైగా అద్దాలకు వేరే డబ్బు. చిన్నపిల్లలకు తలనొప్పి. టూడీ తెలుగు ఆట రోజుకు ఒక్కటైనా ఉండాలి.

తేదీలు. ‘డూమ్స్‌డే’ను 2026 మే 1న అన్నారు, తర్వాత డిసెంబర్ 18కి మార్చారు. ‘ద బ్యాట్‌మ్యాన్’ రెండో భాగం 2025 అక్టోబర్ నుంచి 2026కు, అక్కడి నుంచి 2027కు పోయింది. 2019లో ఘనంగా ప్రకటించిన ‘బ్లేడ్’ను చివరికి విడుదలల పట్టిక నుంచే తీసేశారు. మనవాళ్ళూ తక్కువేం కాదు. ‘కల్కి 2898 ఏడీ’ 2024 జనవరి 12 అన్నారు, మే 9 అన్నారు, జూన్ 27న వచ్చింది. ‘హను-మాన్’ చివర, తర్వాతి భాగం 2025లో అని తెర మీదే వేశారు, ఆ ఏడాది వచ్చింది, పోయింది. సినిమా ఆలస్యం కావడం తప్పు కాదు. గ్రాఫిక్స్ సగంలో ఉంటే హడావిడిగా వదలొద్దనే నేనూ అంటాను. తేలకముందే తేదీ చెప్పి, దానితో మా ఉత్సాహాన్ని పోగేసుకోవడం మాత్రం న్యాయం కాదు. పిల్లలు ఆ తేదీలను పుస్తకాల అట్టల మీద రాసుకుంటారు. కొట్టేసి మళ్ళీ రాసుకుంటారు. మూడోసారి కొట్టేసే పిల్లవాడు వచ్చేసారికి మీ మాట నమ్మడు.

తెలుగు నిర్మాతలకు వేరుగా కొన్ని మాటలు. సూపర్ హీరో మనకు కొత్త కాదు. 1980లోనే ఎన్.టి.రామారావు గారు ‘సూపర్‌మేన్’గా వచ్చారు, ఆంజనేయుడి అనుగ్రహంతో శక్తులు పొందిన వీరుడిగా. 2024 సంక్రాంతికి ‘హను-మాన్’ ఒక పెద్ద హీరో సినిమాతో ఒకే రోజు విడుదలైంది. థియేటర్లు తక్కువ దొరికినా, జనం నోటి మాట మీద నిలబడి దేశమంతా ఆడింది. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామికి మొక్కుకునే జిల్లా మాది. గదాధారి కథకు మా ఊళ్ళో వేరే ప్రచారం అక్కర్లేదు అనుకోవచ్చు. కానీ ప్రచారం అంటే మనిషి వచ్చి పలకరించడం కూడా. ‘కల్కి’ని 2023లో, అమెరికాలో జరిగే పెద్ద కామిక్స్ పండగ శాన్ డియేగో కామిక్ కాన్ దాకా తీసుకుపోయారు, తెలుగువాళ్ళందరం గర్వపడ్డాం. సినిమాలో వాడిన బుజ్జి కారును కూడా జనం మధ్యకు తెచ్చారు. అలాంటి బండిని మా ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఒక్క పూట నిలబెట్టి, ఆ చక్రాలు ఎలా తిరుగుతాయో దాన్ని చేసిన ఇంజనీర్ చేత చెప్పించండి. జేఎన్‌టీయూ పిల్లలు నోట్సు రాసుకుంటూ వింటారు. వాళ్ళల్లో పదిమంది రేపు మీ దగ్గరే గ్రాఫిక్స్ చేస్తారు.

వస్తే మాత్రం జాగ్రత్తగా రండి. ఈ విషయం రాస్తుంటే చెయ్యి తడబడుతోంది. 2020 సెప్టెంబర్‌లో చిత్తూరు జిల్లా శాంతిపురం దగ్గర అభిమాన హీరో పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు కరెంటు షాక్‌తో చనిపోయారు. 2023 జూలైలో పల్నాడులో ఇలాగే ఇద్దరు కుర్రాళ్ళు పోయారు. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ షో తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, కొడుకు చావు అంచుల దాకా వెళ్ళాడు. నేనూ పిల్లల్ని వెంటబెట్టుకుని మొదటి ఆటకు పోయేదాన్నే. ఆ వార్త చదివాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. 2025 జనవరి 9న మా అనంతపురంలో ఒక పెద్ద సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్ జరగాల్సి ఉంది. ముందు రోజు రాత్రి తిరుపతిలో దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి భక్తులు చనిపోయారు. ఈవెంట్ రద్దు చేశారు. అది మంచి నిర్ణయం, మా ఊరంతా అదే అనుకుంది. జనాన్ని రప్పించడం తెలిసినవాళ్ళకు జనాన్ని క్షేమంగా ఇంటికి పంపడం కూడా తెలిసి ఉండాలి. హీరో థియేటర్‌కు వస్తున్నాడని చివరి గంటలో పుకారు పుట్టించే పద్ధతి మానెయ్యండి. కటౌట్ ఎంత ఎత్తు ఉండాలో, కరెంటు తీగలకు ఎంత దూరంలో కట్టాలో అభిమాన సంఘాలకు మీ పేరు మీద, మీ హీరో గొంతుతో చెప్పించండి. పోలీసుల మాట వినని కుర్రాడు హీరో మాట వింటాడు. మొదటి రోజు ఒక ఆటకు ఆడవాళ్ళకు, పిల్లలకు వేరే గేటు పెట్టించండి.

ప్రకటించిన తేదీల ప్రకారం 2026 జూలై 31న ‘స్పైడర్‌మ్యాన్: బ్రాండ్ న్యూ డే’, డిసెంబర్ 18న ‘డూమ్స్‌డే’ రావాలి. ఈ రెంటికీ నేను కోరేది ఇంతే. అనంతపురం, కర్నూలు, కడప, మూడు ఊళ్ళలోనూ కనీసం ఒక్కో థియేటర్‌లో మొదటి రోజు ఉదయం మొదటి ఆట తెలుగులో, టూడీలో వెయ్యండి. ఆ ఆటను కనీసం మొదటి ఆదివారం దాకా తియ్యకుండా ఉంచండి, ఎందుకంటే పల్లెల నుంచి తండ్రులు పిల్లల్ని తీసుకొచ్చేది ఆదివారమే. బుకింగ్ ఎప్పుడు తెరుస్తారో వారం ముందు చెప్పండి. తెలుగు ఆట ఏ థియేటర్‌లో, ఎన్ని గంటలకు అన్నది తాడిపత్రి, గుత్తి, ధర్మవరం, కళ్యాణదుర్గం బస్టాండ్లలో పోస్టర్ వేసి చెప్పండి. యాప్‌లో భాష మారిస్తే, టికెట్టు కొన్నవాళ్ళకు ముందే మెసేజ్ పంపి, వద్దంటే డబ్బు వెనక్కి ఇవ్వండి.

సీడెడ్ పంపిణీదారులకు: మీరు మా ఊరివాళ్ళే, మీకు మా సంగతి తెలుసు. తెలుగు ఆట నిండదేమో అని టెన్షన్ పడకండి. ట్యూషన్ పిల్లలు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, మా వీధివాళ్ళు కలిసి ఒక ఆట మొత్తం ముందే బుక్ చేసుకునే ఏర్పాటు మీరు చేస్తే, డబ్బు పోగు చేసి తెచ్చే బాధ్యత నాది. ఎవరిని కలవాలో, ఎన్ని రోజుల ముందు కలవాలో పేపర్లో చిన్న ప్రకటన వెయ్యండి, మేమే వస్తాం.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచర్,
పాతూరు, అనంతపురం